బాబా చేతులు, సిద్ధయ్య పెట్టెలు

ఆ గురువారం పొద్దున సిద్ధయ్య వేసుకున్న పథకంలో ఎక్కడా తిరకాసు లేదు. ఏడింటికి బాబాగారి పికప్ తీసుకుని బయలుదేరాలి. షువైఖ్‌లో మాబు గ్యారేజీలో దాని వణుకు మాన్పించాలి. పన్నెండుకల్లా తిరిగొచ్చి తాళాలు బాబా చేతిలో పెట్టాలి. సాయంత్రం బాబా దాన్ని నడిపి మురిసిపోవాలి, ఆ మురిపెంలోనే సెలవు కాగితం మీద సంతకం పెట్టాలి. పథకంలో సిద్ధయ్య వంతు మొదటి మూడు పనులే కాబట్టి, మిగతా రెండూ వాటంతట అవే జరుగుతాయని ధీమాగా ఉన్నాడు.

ఆ సెలవు కోసం అతను నాలుగేళ్లుగా కాచుకుని కూర్చున్నాడు. రాయచోటి పక్క పల్లెలో భార్య మునిలక్ష్మికి మూడో నెల ఉండగా విమానమెక్కి కువైట్ వచ్చాడు. కూతురు వెంకటదుర్గకు ఇప్పుడు మూడున్నరేళ్లు. ఆ పిల్ల దృష్టిలో తండ్రి అంటే సెల్‌ఫోనులో కనబడే తలకాయ. "మీ నాయన యాడుండాడే" అని ఎవరైనా అడిగితే ఫోను చూపిస్తుంది. ఫోను ఛార్జింగులో ఉంటే నాయన నిద్రపోతున్నాడని చెబుతుంది. సిద్ధయ్య సెలవు అడిగిన మొదటి ఏడు బాబా కూతురి పెళ్లి అడ్డం వచ్చింది, రెండో ఏడు మామా మోకాలి ఆపరేషన్, మూడో ఏడు బాబా పదవీ విరమణ. ఇంటి యజమానిని బాబా అనీ, యజమానురాలిని మామా అనీ పిలవడం అక్కడి ఇళ్లలో పనిచేసే వాళ్లకు అలవాటు. ఈ ఏడు మాత్రం బాబా తనంతట తానే మాటిచ్చాడు, బండి బాగైన మర్నాడే రెండు నెలల ఇజాజా అని. ఇజాజా అంటే సెలవు. సిద్ధయ్యకు వచ్చిన అరబీ మాటల్లో అన్నిటికంటే ముందు నేర్చుకున్నదీ, అన్నిటికంటే తక్కువ వాడుకలోకి వచ్చిందీ అదే.

ఇక బండి సంగతి. బాబా అసలు పేరు అబూ ఫహద్. ముప్ఫై రెండేళ్లు ఒక మంత్రిత్వ శాఖలో కూర్చుని కాగితాల మీద ముద్రలు వేశాడు. ముద్ర పడిన కాగితంలో చుక్క కూడా మార్చకూడదన్నది ఆయన జీవిత సిద్ధాంతం. అలాంటి మనిషి ఉద్యోగం దిగిపోగానే అమెరికా నుంచి వచ్చిన పెద్ద డీజిల్ పికప్ కొని, కంపెనీ వాడు పెట్టిన దేన్నీ అందులో ఉన్నచోట ఉండనివ్వలేదు. టర్బో మార్పించాడు, ఇంజను కంప్యూటరుకు కొత్త పాఠాలు చెప్పించాడు, బండిని జానెడు పైకి లేపించి మందపాటి టైర్లు తగిలించాడు, ఎడారిలో గుడారాల బండిని లాగడానికి పనికొస్తుందని వెనక కమాను పట్టీలు అదనంగా వేయించాడు. అంతా అయ్యేసరికి ఏడువందల గుర్రాల బలం వచ్చిందని లెక్క తేలింది. ఆ గుర్రాలు నూరు కిలోమీటర్ల వేగం దాకా బుద్ధిగానే ఉండేవి. నూరు దాటితే స్టీరింగు చేతుల్లో గజగజలాడేది, తోక అటూ ఇటూ ఊగేది, వంతెన మీద అతుకు వచ్చినప్పుడల్లా వెనక భాగం ఎగిరి పక్కకు పడేది. రిటైరైన మొగుళ్లు ఇంట్లో మొక్కలకు నీళ్లు పోసుకుంటారని విని సంబరపడిన మామా, ఈ బండి ఇంటికొచ్చిన రోజు నుంచీ దానితో మాట్లాడడం మానేసింది.

సిద్ధయ్య ఇంకా గేటు దాటకముందే, అతను షువైఖ్ పోతున్న వార్త ఫింటాస్ చేరిపోయింది. చేరవేసింది అదే ఇంట్లో వంట చేసే రెడ్డెమ్మ. అందుకున్నది ఫింటాస్‌లో కిరాణా కొట్టు నడిపే గంగాధర్. అతని కొట్టు కడప, రాయచోటి వాళ్లందరికీ పోస్టాఫీసు లాంటిది. ఇళ్లకు పంపాల్సిన అట్టపెట్టెలు తెచ్చి అక్కడే పెట్టిపోతారు. వాటిని సముద్రం దాటించే కార్గో గోడౌను షువైఖ్‌లో మాబు గ్యారేజీకి రెండు వీధుల అవతలే ఉంది. ఖాళీగా పోయే పికప్‌ను చూస్తే మనవాళ్లకు అన్నం పారబోస్తున్నట్టు ప్రాణం ఉసూరుమంటుంది. గంగాధర్ రోడ్డు మీదికొచ్చి చేయి ఊపాడు. వెనకాల పద్నాలుగు పెట్టెలు పేర్చి ఉన్నాయి. పాలపొడి డబ్బాలూ, దుప్పట్లూ, బాదంపప్పూ, తలనొప్పి నూనెలూ కుక్కి, నాలుగు వైపులా టేపు చుట్టి, నల్ల మార్కరుతో ఊరూ పేరూ ఫోను నెంబరూ రాసిన పెట్టెలు. ఒక్కొక్కటి ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి.

పికప్‌లో సరుకు వేయడాన్ని బాబా ఎప్పుడో నిషేధించాడు. గీత పడుతుందట. సరుకు వేయడానికే పుట్టిన బండి కదా అని సిద్ధయ్య అడగలేదు. గంగాధర్‌కు కాదని చెప్పనూ లేదు. ఊరి వాడి పెట్టె కాదంటే, ఆ మాట పెట్టె కంటే ముందే ఊరు చేరుతుంది. కింద రెండు దుప్పట్లు పరిచి పద్నాలుగూ ఎక్కించాడు.

మాబుది కూడా రాయచోటే. షువైఖ్‌లో ఇరవై ఏళ్లుగా బండ్ల కింద పడుకుని లేస్తున్నాడు. ఏ బండి జబ్బూ పూర్తిగా వినే ఓపిక అతనికి లేదు. సిద్ధయ్య సగం చెప్పేలోపే చేయి అడ్డం పెట్టాడు. టైర్లలో గాలి ఎక్కువ, చక్రాల బ్యాలెన్సు తక్కువ అని తేల్చేశాడు. పెట్టెలు దించమంటారా అని సిద్ధయ్య అడిగితే, మనోళ్లవే కదా ఉండనీ అన్నాడు. గంటన్నరలో గాలి సరిచేసి, నాలుగు చక్రాలనూ యంత్రం మీద తిప్పి అంచులకు సీసపు ముక్కలు అంటించాడు. పెద్ద రోడ్డు మీద నూట ఇరవైలో తోలి చూసి, అట్నుంచి అటే గోడౌనుకు పొమ్మన్నాడు. సిద్ధయ్య అలాగే చేశాడు. నూట ఇరవైలో బండి చెరువులో పడవలా పోయింది. గోడౌనులో పెట్టెలు దించి, దుప్పట్లు దులిపి, తిరుగు ప్రయాణంలో మామూలుగా ఎనభైలో ఇల్లు చేరాడు. వేగం ఎక్కువైతే రోడ్డు కెమెరా ఫోటో తీస్తుందని నాలుగేళ్లుగా అతను ఎనభై దాటడు. పరీక్ష కోసం ఆ ఒక్కసారే దాటాడు.

బండి మంచి, నూట ఇరవై మంచి, వణుకు ఖలాస్ అని బాబాకు విన్నవించుకున్నాడు. సిద్ధయ్య అరబీలో క్రియలు ఉండవు. అయినా బాబాకు అర్థమైంది. సాయంత్రం బాబా ఒక్కడే బండి తీసుకుని వెళ్లి, అరగంటలో మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. వణుకు ఎక్కడిదక్కడే ఉందన్నాడు.

తరవాతి గురువారం మళ్లీ షువైఖ్. ఈసారి పదహారు పెట్టెలు. మాబు మొహం కాస్త ఎర్రబడింది. బండి కింద దూరి స్టీరింగు కడ్డీల కీళ్లు మార్చాడు, కుదుపు పట్టే గొట్టం కొత్తది బిగించాడు, ముందు చక్రాల వంపు సరిచేశాడు. ఈసారి తానే నడిపి చూస్తానన్నాడు. ఎలాగూ పోతున్నాం కదా అని అక్క జుబేదా బీకి పంపాల్సిన నాలుగు పెట్టెలు కూడా వెనక వేయించాడు. నూట ముప్ఫై దాకా తోలి, ఒక చేయి కిటికీ మీద పెట్టుకుని, ఈ బండికి ఇంకా ఏమన్నా జబ్బుందంటే అది చెప్పినోడి జబ్బే అన్నాడు. ఆ మాట అతను ఊరికే అన్నాడు. తరవాత అది చాలా దూరం పోయింది.

బాబా నడిపాడు. వణికింది.

మూడో గురువారం మాబు నాలుగు షాక్ అబ్సార్బర్లూ పీకి కొత్తవి వేశాడు. ఇక మాట మీద నమ్మకం పోయిందని, ఫోనును డ్యాష్‌బోర్డు మీద నిలబెట్టి వీడియో తీయించాడు. అందులో వేగం ముల్లు నూట ఇరవై మీద ఉంది. పక్కన మూత తీసిన నీళ్ల సీసా నిలబడి ఉంది. మూడు నిమిషాల పాటు సీసాలోంచి చుక్క నీరు ఒలకలేదు. వెనకాల ఉన్న పద్దెనిమిది పెట్టెలు వీడియోలో పడలేదు, ఎందుకంటే ఫోను ముందుకే చూస్తుంది. మాబు దాన్ని నేరుగా బాబా ఫోనుకు పంపాడు. బాబా దాన్ని అయిదుసార్లు చూశాడు. ఆయన లెక్కలో బండి మీద ముద్ర పడిపోయింది.

మామా ఒక్కసారే చూసింది. ఆమెకు అదే చాలింది. బండి అదే, రోడ్డు అదే, వేగం అదే. సిద్ధా నడిపితే వణకదు, మెకానిక్ నడిపితే వణకదు, నువ్వు నడిపితే వణుకుతుంది. అంటే వణికేది బండి కాదు అని భర్తకు నిదానంగా, చాలా ప్రేమగా వివరించింది. ఆ ప్రేమలో రవ్వంత సంతోషం కూడా కలిసిందని రెడ్డెమ్మ వంటింట్లో సిద్ధయ్యతో చెప్పింది. అరవై రెండేళ్ల బాబా తన రెండు చేతుల వంకా మొదటిసారి అనుమానంగా చూసుకున్నాడు. మర్నాడు ఆస్పత్రిలో వంతు కోసం కూర్చున్నంతసేపూ కంగారులో గావా, అంటే అక్కడి కాఫీ, కప్పు మీద కప్పు తాగాడు. డాక్టరు చేతులు చాపమన్నాడు. ఆరు కప్పుల కాఫీ, రాత్రంతా లేని నిద్ర, పక్కన నిలబడి ఉన్న భార్య. చేతులు వణక్క ఏం చేస్తాయి? డాక్టరు చాలా పరీక్షలు రాసి, అవన్నీ పూర్తయ్యేదాకా బండి నడపొద్దన్నాడు. అందుకు రెండు నెలలు పడుతుందన్నాడు. సరిగ్గా సిద్ధయ్య సెలవంత.

మామా తాళాలు తీసుకుని సిద్ధయ్య చేతిలో పెట్టింది.

"సిద్ధా, ఇజాజా మాఫీ. ఇప్పటి నుంచి బాబా చేతులు నువ్వే."

మాఫీ అంటే లేదని.  సిద్ధయ్యకు ఏడుపొచ్చింది. మూడు గురువారాలు కష్టపడి బండిని బాగు చేయించి, బాగైందని ఒట్టేసి, వీడియో తీసి మరీ నిరూపించి, తన సెలవును తానే రద్దు చేసుకున్నాడు. మధ్యాహ్నం గదిలో కూర్చుని మునిలక్ష్మికి ఫోను చేశాడు.

"బండి బాగైతే పంపిస్తామనిరి గదా?" అంది ఆమె.

"బాగైంది."

"మరి?"

"అదే వచ్చిన చిక్కు."

మునిలక్ష్మి ఫోను దుర్గ చేతికిచ్చింది. ఆ పిల్ల తలకాయను పలకరించి, అన్నం తిన్నావా అని అడిగి, ఇంక పడుకో అని ఫోనును తీసుకెళ్లి ఛార్జింగులో పెట్టేసింది. సిద్ధయ్యకు ఆ రోజు మరి అన్నం దిగలేదు.

ఆదివారం సరుకులు తేవడానికి పోయి, దారి మళ్లించి మాబు దగ్గరికెళ్లాడు. గ్యారేజీలో ఎవరూ లేని మూలకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మాబన్నా, ఆ బండిని మళ్లీ రవ్వంత ఒణికేట్టు చేయల్లన్నా."

మాబు చేతిలోని పానా కింద పెట్టాడు. తన ఇరవై ఏళ్ల జీవితంలో బాగైన బండిని చెడగొట్టమని ఎవరూ అడగలేదన్నాడు. సిద్ధయ్య కారణం చెప్పాడు. మాబు జాలిపడ్డాడు, టీ తెప్పించాడు, కానీ పానా మళ్లీ తీయలేదు.

"నీ బాధ నాకు తెల్సప్పా. కానీ ఆ వీడియో ఇప్పుడు షువైఖ్ మొత్తం చూసింది. రెండు కొత్త బండ్లు దాన్ని చూసే వచ్చినాయి. ఇప్పుడది ఒణికితే నా పేరేం కావల్ల?"

సిద్ధయ్య టీ తాగి వచ్చేశాడు.

ఇంట్లో బాబా పరిస్థితి అంతకంటే దిగులుగా ఉంది. దివానియాకు, అంటే మగవాళ్లు సాయంత్రాలు కూర్చునే పెద్ద గదికి, స్నేహితులు వచ్చినప్పుడు చేతులు దుప్పటి కింద దాచుకుంటున్నాడు. మామా రెండు మల్లె కుండీలు తెప్పించి, నీళ్ల డబ్బా ఆయన పక్కన పెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన ఉన్నట్టుండి సిద్ధయ్యను పిలిచి, పికప్ తీయమన్నాడు. ఎడారిలో తన గుడారం దాకా పోదామన్నాడు. నడపలేకపోతే పోనీ, వణకని చేతుల్లో నా బండి ఎలా పోతుందో పక్కన కూర్చునైనా చూస్తాను అన్నాడు. ఆ మాట వింటే సిద్ధయ్యకు తన బాధ కాసేపు మరుపుకొచ్చింది. బాబా మంచివాడే, సెలవు విషయంలో తప్ప.

సిద్ధయ్య అలవాటు ప్రకారం ఎనభైలో పోతున్నాడు. బాబా ఇంకా అన్నాడు. నూరు. బాబా ఇంకా అన్నాడు. నూట పది దాటిందో లేదో, స్టీరింగు ఒక్క ఉదుటున చేతుల్లో గిలగిలా కొట్టుకుంది. వెనక భాగం కుడికి పోయింది, ఎడమకు పోయింది, వంతెన అతుకు దగ్గర ఎగిరి పడింది. సిద్ధయ్య పైప్రాణాలు పైనే పోయాయి. కాలు తీసేసి, బండిని ఎలాగో రోడ్డు పక్కకు చేర్చి ఆపాడు.

బాబా రోడ్డు వంకా, బండి వంకా చూడలేదు. సిద్ధయ్య చేతుల వంకే చూస్తున్నాడు. చాపు అన్నాడు. సిద్ధయ్య చాపాడు. చచ్చి బతికిన మనిషి చేతులు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి, పదివేళ్లూ లయ తప్పకుండా వణుకుతున్నాయి. బాబా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన తన చేతిని సిద్ధయ్య చేతి మీద వేశాడు.

"పాపం, నీకూ వచ్చింది," అన్నాడు.

ఆ తరవాత బాబా మాట్లాడిందంతా దయతోనే మాట్లాడాడు. అందుకే అది మరీ భయంకరంగా ఉంది. ఈ చేతులతో కువైట్ రోడ్ల మీద నువ్వు బండి నడపడం పాపం అన్నాడు. రేపే నీ ఇఖామా రద్దు కాగితాలు పెట్టిస్తాను, నీకు రావాల్సింది ఒక్క ఫిల్సు తగ్గకుండా ఇప్పిస్తాను, ఇంటికి పోయి నీ పిల్ల దగ్గర హాయిగా ఉండు, మళ్లీ రావక్కర్లేదు అన్నాడు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండడానికి ఉన్న కాగితం. అది పోతే ఉద్యోగం పోయినట్టే. సిద్ధయ్య రెండు నెలలు అడిగితే బాబా ఏకంగా మొత్తం జీవితం ఇచ్చేస్తున్నాడు. కట్టిన సగం ఇల్లూ, తల్లి మందులూ, దుర్గ బడీ అన్నీ ఒక్కసారిగా సిద్ధయ్య కళ్ల ముందు నిలబడ్డాయి. బాబా మొహం చూడలేక, తల పైకెత్తి లోపలి అద్దంలోకి చూశాడు.

అద్దంలో రోడ్డు కనబడింది. తిన్నగా, ఫింటాస్ దాకా, ఏ అడ్డమూ లేకుండా కనబడింది. సిద్ధయ్య దానివంకే చూస్తూ ఉండిపోయాడు. ఇప్పటిదాకా అతను నూట ఇరవైలో పోయింది మూడే మూడుసార్లు. ఆ మూడుసార్లూ ఈ అద్దంలో రోడ్డు కనబడలేదు. నల్ల మార్కరుతో, అద్దంలో కుడి ఎడమలు తిరగబడి, కడప జిల్లా, రాయచోటి తాలూకా అని కనబడింది.

చెబితే దొంగతనంగా సరుకు మోసినందుకు ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే చేతులు వణికినందుకు ఎలాగూ పోతుంది. సిద్ధయ్య చెప్పడానికే తెగించాడు. క్రియలు లేని అరబీలో తన జీవితంలోకెల్లా పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. బాబా చేతులు మంచి. సిద్ధా చేతులు మంచి. కార్టన్ వెనక, బండి మంచి. కార్టన్ లేదు, బండి పిచ్చిది. మూడు గురువారాలూ కార్టన్. వీడియో కూడా కార్టన్. తప్పు సిద్ధాది, క్షమించు బాబా.

బాబా మొదట నమ్మలేదు. నమ్మాక ముందు అడిగింది గీతలేమైనా పడ్డాయా అని. పడలేదు, కింద రెండు దుప్పట్లు అన్నాడు సిద్ధయ్య. ముప్ఫై రెండేళ్లు ముద్రలు వేసిన మనిషి కాబట్టి, ఆయన కోపగించుకునే ముందు రుజువు అడిగాడు. మెల్లగా ఎనభైలో ఇంటికి తిప్పించాడు.

సిద్ధయ్య గదిలో గోడ పొడవునా అతని సొంత పెట్టెలు ఆరు ఉన్నాయి. రెండు విమానంలో తనతో, నాలుగు కార్గోలో అనుకుని నాలుగేళ్లుగా నింపినవి. అతనూ రెడ్డెమ్మా చెరో వైపు పట్టి ఆరూ బండిలోకి ఎక్కించారు. మామా మెట్ల మీద నిలబడి, ఏం జరుగుతోందని ఎన్నిసార్లు అడిగినా ఎవరూ జవాబు చెప్పలేదు. బాబా స్టీరింగు ముందు కూర్చుని, బిస్మిల్లా అనుకుని, తాళం తిప్పాడు. సిద్ధయ్యను పక్కన కూర్చోబెట్టుకుని, ముందు మూత తీసిన నీళ్ల సీసా పెట్టించాడు.

ఎనభై, నూరు, నూట ఇరవై. వంతెన అతుకులు వచ్చాయి, పోయాయి. సీసాలో నీళ్లు కదిలాయే కానీ ఒలకలేదు. బాబా ఒక చేయి తీసి కళ్ల ముందు పెట్టుకుని చూసుకున్నాడు. అది రాయిలా నిలబడి ఉంది. రెండోది చూసుకోవడానికి దీన్ని స్టీరింగు మీద పెట్టి దాన్ని తీశాడు. అదీ నిలబడే ఉంది. రోడ్డు పక్కన ఆపి, సిద్ధయ్య తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. సెలవు కాగితం జేబులోంచి తీసి, బానెట్టు మీద పరిచి అక్కడికక్కడే సంతకం చేశాడు. అది ఆయన జేబులో ఎన్నాళ్లుగా ఉందో సిద్ధయ్య అడగలేదు.

మాబుకు ఫోను చేస్తే, అతను ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

"నాకు మొదట్నించీ అనుమానమేలే. ఆ వెనక కమాన్లు రెండు టన్నుల మోతకు ఏసినేవి. ఖాళీగా ఉంటే ఎగరక ఏం చేస్తాయి? అదనపు పట్టీలు పీకేద్దాం. ల్యాకుంటే నాలుగు ఇసుక మూటలు ఏసుకోమను."

మొదట్నించీ అనుమానం ఉన్నవాడు షాక్ అబ్సార్బర్లు ఎందుకు మార్చాడని సిద్ధయ్య అడగలేదు. సెలవు చేతికొచ్చిన మనిషి ఎవరితోనూ గొడవ పెట్టుకోడు. సలహా మాత్రం బాబాకు చేరవేశాడు. బాబా రెంటికీ ఒప్పుకోలేదు. పరీక్ష నెగ్గిన బండిలో ఇక పట్టీ కూడా కదపడానికి వీల్లేదన్నాడు. ఇసుక మూటలంటారా, పరీక్ష ఇసుకతో జరగలేదు. ఈ ఆరింటితో జరిగింది.

ఆ మాట లోతు సిద్ధయ్యకు అప్పుడు అందలేదు. పదిరోజుల తరవాత, విమానం ఎక్కాల్సిన పూట అందింది. ఆ రోజు పొద్దున బాబా తానే నడిపి అతన్ని విమానాశ్రయానికి తీసుకొచ్చాడు. దారిలో షువైఖ్ వైపు మళ్లితే నాలుగు పెట్టెలు గోడౌనులో ఇచ్చేస్తానని సిద్ధయ్య రెండుసార్లు గుర్తుచేశాడు. బాబా హుషారుగా నూట ఇరవైలో పోతున్నాడు, మళ్లలేదు. పోనీ రెండన్నా దించుకుందామని విమానాశ్రయం ముందు సిద్ధయ్య వెనక తలుపు దించి పెట్టె మీద చేయి వేశాడు. బాబా వచ్చి ఆ చేతి మీద తన చేయి వేశాడు. ఆ చేయి ఇసుమంత కూడా వణకడం లేదు.

"సిద్ధా, నేను ఇంటికి ఎలా పోవాలి?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. సిద్ధయ్య దానికి జవాబు వెతికాడు. ఆరింటిలో ఒకటి తీసినా పరీక్ష చెల్లదు. నడిపి వణికిందంటే మామా మళ్లీ చేతుల వంక చూస్తుంది, తాళాలు లాక్కుంటుంది, అరగంటలో సిద్ధయ్యకు ఫోను వస్తుంది. విమానం ఇంకా నేల మీదే ఉంటుంది. పాస్‌పోర్టు ఇంకా బాబా జేబులోనే ఉంది. సిద్ధయ్య ఆరు పెట్టెల వంకా చూశాడు. నాలుగేళ్లు జీతమొచ్చిన ప్రతి నెలా ఒక్కో వస్తువు కొని, ఎవరికి ఏదో పేర్లు రాసి సర్దినవి. తరవాత అద్దాల తలుపు వంకా చూశాడు. చేయి తీసేశాడు.

"పెట్టెలు భద్రం బాబా," అని తలుపు మూసి, చేతిసంచి భుజాన వేసుకున్నాడు.

బాబా పాస్‌పోర్టు ఇచ్చి మళ్లీ నుదుటి మీద ముద్దు పెట్టాడు.

ఇంటి గడపలో వెంకటదుర్గ అతన్ని చూసింది, తల్లి చేతిలోని ఫోనును చూసింది, మళ్లీ అతన్ని చూసి తల్లి చాటుకు పోయింది. సాయంత్రానికి దగ్గరికొచ్చి, ఇతనికి కాళ్లు కూడా ఉన్నాయని ముట్టుకుని నిర్ధారించుకుంది. మూడో రోజుకు భుజమెక్కి దిగనంది. సిద్ధయ్య ఆ పిల్లను మోస్తూ ఊరంతా తిరిగాడు. దారిలో ప్రతివాళ్లూ పలకరించి, అతని వెనక్కి తొంగిచూసి, పెట్టెలేవీ అని అడిగారు. గల్ఫు నుంచి నాలుగేళ్లకు వచ్చిన మనిషి ఒక్క సంచితో దిగడం ఆ పల్లె చూడలేదు. ఉద్యోగం పోయిందనీ, అక్కడ ఏదో కేసయిందనీ నాలుగు రకాలుగా అనుకున్నారు. పెట్టెలు కువైట్‌లో బండిని నడిపిస్తున్నాయని అతను నిజం చెబితే, అయ్యో పాపం అన్నట్టు చూశారు. మునిలక్ష్మి కూడా మొదటి రెండు రోజులు అలాగే చూసింది.

నెలా పదిహేను రోజులు గడిచాక, ఒక మధ్యాహ్నం బాబా ఫోను చేశాడు. చాలా ఉత్సాహంగా ఉన్నాడు. డాక్టరు పరీక్షలన్నీ చూసి చేతులకు ఏ జబ్బూ లేదన్నాడట. బండి అద్భుతంగా పోతోందట. కుండీలు ఎండిపోయాయట. చివర్న కాస్త తటపటాయించి, నువ్వు వస్తే ఆ పెట్టెలు నీ ఊరికి పంపేస్తావు కదా, అందుకని తొందరేం లేదు, ఇంకో రెండు నెలలు జీతంతోనే ఉండి రా అన్నాడు.

సిద్ధయ్య ఫోను పెట్టేశాడు. భుజం మీద దుర్గ నిద్రపోతోంది.

"ఏమంటాండాడు మీ బాబా?" అని అడిగింది మునిలక్ష్మి.

"పెట్టెలు కులాసాగా ఉండాయంట," అన్నాడు సిద్ధయ్య.